ఏ డీసీసీ కొనమంటారు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్నది ఒకటే గోల, మోడల్ రైల్వేకి ఏ డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్ సిస్టమ్, కొనాలి అని. షాపువాళ్ళు ఒకటి చెప్తారు, యూట్యూబ్‌లో ఇంకోటి చెప్తారు, అమెరికాలో ఉన్న బావమరిది మూడోది చెప్తాడు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి దీనిమీదే కూర్చున్నా.

ప్రశ్న: నేను లోకో పైలట్‌గా రిటైరయ్యాను, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను మీద చాలా ఏళ్ళు పనిచేశా. మా అబ్బాయి న్యూజెర్సీ నుంచి వస్తూ రెండు హెచ్‌ఓ (అసలు బండిలో 87వ వంతు సైజు) ఇంజన్లు తెచ్చాడు, రెండింట్లోనూ డికోడర్ (సంకేతం చదివి ఇంజన్ని నడిపే చిన్న బోర్డు) ఉంది, ఒకదాంట్లో సౌండ్ కూడా ఉంది. డాబా మీద గదిలో పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల వేయించా. మళ్ళీ వచ్చేటప్పుడు డీసీసీ తెస్తా ఏది కావాలో చెప్పు నాన్నా అంటున్నాడు. నాకు ఫోన్ మీద వేళ్ళతో రుద్దడం ఇష్టం లేదు, చేతికి హ్యాండిల్ తగలాలి. ఏది చెప్పమంటారు?
(మౌలాలి)

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబుందండీ. చేతికి హ్యాండిల్ తగలాలన్నారు చూడండి, ఆ ఒక్కమాట చెప్పకుండా చాలామంది ఎన్ని ఆంపియర్లు, ఎన్ని ఫంక్షన్లు అని లెక్కలడుగుతారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి మీ దగ్గరికొస్తా. మామూలు డీసీలో కంట్రోలర్ పట్టాల మీద వోల్టేజీ పెంచుతుంది తగ్గిస్తుంది, ఆ పట్టాల మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ కదుల్తాయి. డీసీసీలో అలా కాదు, పట్టాల మీద కరెంటు ఎప్పుడూ ఫుల్లుగానే ఉంటుంది, హెచ్‌ఓకి సుమారు 14, 15 వోల్టులు, దాని పోలారిటీనే అటూ ఇటూ తిప్పుతూ అందులోనే సంకేతం పంపిస్తారు, ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే అది 1, 100 మైక్రోసెకన్లో అంతకన్నా ఎక్కువో ఉంటే అది 0. ఈ ఒకట్లూ సున్నాల్లోనే ఇంజను నంబరు, స్పీడు, లైటు, హారన్ అన్నీ ఉంటాయి. పెళ్ళి పందిట్లో మైకులో పిలిచినట్టన్నమాట, వినపడేది అందరికీ, లేచేది పేరున్నోడు. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతి ఇది, దీన్ని ఆధారంగా తీసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, అదే ఎన్‌ఎంఆర్‌ఏ, 1990ల్లో స్టాండర్డ్ చేసింది.

స్టాండర్డ్ కాబట్టే ఏ కంపెనీ డికోడరైనా ఇంకో కంపెనీ సిస్టమ్ మీద నడుస్తుంది. మీ అబ్బాయి తెచ్చిన ఇంజన్లు దేనిమీద నడుస్తాయో అని కంగారు పడక్కర్లేదు. తేడా వచ్చేది కమాండ్ స్టేషన్ (సంకేతాలు తయారుచేసే డబ్బా) వెనకాల, హ్యాండ్ కంట్రోలర్లు తగిలించే వైర్ల దగ్గర. డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఎన్‌సీఈది దాని సొంత క్యాబ్ బస్. ఒకదాని కంట్రోలర్ తెచ్చి ఇంకోదానికి గుచ్చితే చాలావరకు పనిచేయదు. అంటే ఇవాళ కొనేది ఒక డబ్బా అనుకుంటాం గానీ నిజానికి రేపు తగిలించబోయే కంట్రోలర్లూ, అదనపు కరెంటిచ్చే బూస్టర్లూ కూడా ఇవాళే తేలిపోతున్నాయి. అందుకని ఎన్ని ఫంక్షన్లున్నాయని కాకుండా బండిని ఎలా నడపాలనుకుంటున్నారో చూసుకుని ఎంచుకోవాలి.

కొత్తవాళ్ళు ఎవరడిగినా నేను ఎక్కువగా చెప్పేది ఎన్‌సీఈ పవర్ క్యాబ్. చేతిలో పట్టుకునే టీవీ రిమోట్ సైజు వస్తువు, ప్రోగ్రామింగ్ (డికోడర్‌లో సెట్టింగులు మార్చడం) చేసేటప్పుడు స్క్రీన్ మీద మాటల్లో అడుగుతుంది కాబట్టి నంబర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఇచ్చేది సుమారు 2 ఆంపియర్లు. ఒక చిక్కుంది, కమాండ్ స్టేషన్ కూడా ఆ చేతిలో వస్తువులోనే ఉంటుంది, అందువల్ల దాని వైరు పీకితే లేఅవుట్ మొత్తం ఆగిపోతుంది.

మీకు మాత్రం అది చెప్పను. మీకు డిజిట్రాక్స్ జెఫిర్ ఎక్స్‌ప్రెస్. బల్ల మీద కూర్చోబెట్టే డబ్బా, తిప్పడానికి పెద్ద నాబ్, పక్కనే ముందుకు, బ్రేక్, వెనక్కి అని మూడు స్థానాలున్న లీవరు. దాని ముందు కూర్చుంటే మీ చెయ్యి దానంతటదే అలవాటుపడుతుంది. 3 ఆంపియర్లిస్తుంది, ఇప్పటి హెచ్‌ఓ ఇంజను సౌండ్‌తో కలిపి కూడా మామూలుగా అర ఆంపియర్ లోపే లాగుతుంది కాబట్టి మీ బల్ల మీద పట్టేన్ని బళ్ళకి సరిపోతుంది. ఇంకో సరదా ఏంటంటే పాత డీసీ కంట్రోలర్ ఏదన్నా ఇంట్లో పడుంటే దాన్ని జెఫిర్‌కున్న జంప్ పోర్టు అనే సాకెట్‌కి తగిలించి రెండో థ్రాటిల్‌లా, అంటే రెండో హ్యాండ్ కంట్రోలర్‌లా, వాడుకోవచ్చు, మనవడొస్తే వాడికదిచ్చేయండి. ప్రోగ్రామింగ్ దగ్గర మాత్రం ఇది పవర్ క్యాబ్ అంత మర్యాదగా మాట్లాడదు, చిన్న స్క్రీన్ మీద పొడి అక్షరాలూ అంకెలూ చూపిస్తుంది, అబ్బాయి ఉన్న నాలుగు రోజుల్లో అదొకటి చేయించేసుకోండి.

ఆ నాలుగు రోజుల్లో ముందు చేయించాల్సింది సీవీ 3, సీవీ 4 (సీవీలంటే డికోడర్ లోపల నంబర్లేసి ఉండే సెట్టింగులు). మొదటిది బండి స్పీడందుకునే తీరు, రెండోది ఆగే తీరు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు వీటిలో మామూలుగా చాలా చిన్న అంకెలుంటాయి, నాబ్ తిప్పగానే బొమ్మలా ఎగిరి పరిగెడుతుంది, మీకది చూడబుద్ధి కాదు. ఎన్‌ఎంఆర్‌ఏ లెక్కలో సీవీ 3లో 30 వేస్తే ఆగున్న బండి ఫుల్ స్పీడందుకోడానికి సుమారు 27 సెకన్లు పడుతుంది, కొన్ని కంపెనీలు సొంత లెక్క పెట్టుకున్నాయి కాబట్టి పెంచుకుంటూ పోయి కంటికి నచ్చినచోట ఆపండి. అసలు ఇంజను మీద మీకు ఎనిమిది నాచ్‌లు (హ్యాండిల్ మెట్లు) ఉండేవి, ఇక్కడ స్పీడు స్టెప్పులు 128.

సౌండ్ మాట. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆల్కో 251 డీజిల్ యంత్రం, అది మీకు నేను చెప్పాలా. ఆల్కో 251 ఉన్న అమెరికా ఇంజన్ల సౌండ్ ఫైళ్ళు ఈఎస్‌యూ వాళ్ళ లోక్‌సౌండ్ డికోడర్లకి దొరుకుతాయి, హారన్ తేడాగా ఉంటుంది గానీ ఇంజను చప్పుడు మీకు తెలిసినదే. ఫైలు ఎక్కించడానికి మాత్రం లోక్‌ప్రోగ్రామర్ అని వేరే పరికరం కావాలి, జెఫిర్‌తో అవదు, అందుకని కొనే షాపులోనే ఎక్కించి ఇమ్మని అబ్బాయికి చెప్పండి.

ఇంకొకటి, మీ చేతికిందున్న ఇంజను నంబరే అడ్రస్‌గా పెట్టుకుందామనుకుంటారేమో, మనవి ఐదంకెలు, డీసీసీ సిస్టమ్స్‌లో చాలావాటికి 9999 దాకానే లెక్క తెలుసు. చివరి నాలుగంకెలు పెట్టుకోండి.

అడాప్టర్ వెనకాల ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉందో, ఒట్టి 120 అని ఉందో చూసి మరీ కొనమనండి. ఒట్టి 120 అయితే దాన్ని అక్కడే వదిలేసి, అదే అవుట్‌పుట్ ఇచ్చే 230 వోల్టుల అడాప్టర్ ఇక్కడ కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్ ఫ్రిస్కోలో ఉంటా, సాఫ్ట్‌వేర్. ఎన్ స్కేల్‌లో (హెచ్‌ఓ కన్నా చిన్న సైజు) తలుపు చెక్క మీద చిన్న లేఅవుట్ కడుతున్నా. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో, డీసీసీ-ఈఎక్స్ అనే సొంతంగా కట్టుకునే సిస్టమ్ చేస్తే చాలా చవకలో అయిపోతుందంటున్నారు, రెడీమేడ్ సిస్టమ్‌కి అంత డబ్బు ఎందుకు పెట్టాలి?
(ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: పెట్టక్కర్లేదు తమ్ముడూ, నీకు ఆ పని సరదా అయితే. ఆర్డుయినో మెగా 2560 బోర్డు, దానిమీద పట్టాలకి కరెంటిచ్చే మోటార్ షీల్డ్ అనే బోర్డు, వైఫైకి ఒక చిన్న బోర్డు, సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఫోన్‌లో ఇంజన్ డ్రైవర్ యాప్ వేసుకుంటే మధ్యలో కంప్యూటర్ కూడా లేకుండా నేరుగా నడిచిపోతుంది. డీసీసీ-ఈఎక్స్ వాళ్ళు అన్నీ ఒకే బోర్డు మీద పెట్టి అమ్మేది కూడా ఉంది, టంకం పెట్టడం రానివాళ్ళు అది తీసుకోవచ్చు.

రెండుచోట్ల జాగ్రత్త. మామూలు ఆర్3 మోటార్ షీల్డ్ వాడితే దాని కింద విన్ (వోల్టేజీ ఇన్‌పుట్) కనెక్షన్ గీత ఉంటుంది, దాన్ని కత్తిరించాలి, లేకపోతే పట్టాలకి ఇచ్చే వోల్టేజీ ఆర్డుయినోలోకి కూడా వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది. రెండోది, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉంది కదా అని తగిలించకు, అవి ఎక్కువగా 19 వోల్టులు, ఎన్ స్కేల్‌కి పట్టాల మీద 12 చుట్టుపక్కల ఉంటే చాలు, ఆ బుల్లి మోటార్లూ డికోడర్లూ అంత వేడి తట్టుకోలేవు.

అయినా కొనేముందు ఒక పని చెయ్యి. మీ దగ్గర్లో ఎన్ స్కేల్ మాడ్యూల్స్ (ఎవరి ముక్క వాళ్ళు కట్టి తెచ్చే లేఅవుట్ ముక్కలు) కలిపి నడిపే గ్రూపులేవైనా ఉన్నాయేమో కనుక్కుని ఒక శనివారం వెళ్ళి చూసిరా, వాళ్ళ చేతుల్లో ఏ థ్రాటిల్ ఉందో చూడు. అక్కడందరూ లోకోనెట్ మీదుంటే నువ్వు కూడా అదే తీసుకుంటే నీ థ్రాటిల్ పట్టుకెళ్ళి అక్కడ గుచ్చొచ్చు, ఏదైనా చెడితే వాళ్ళది తెచ్చి ఇంట్లో పెట్టి చూసుకోవచ్చు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తేవాడొకడుంటాడు. అది ఏ స్పెసిఫికేషన్ షీట్‌లోనూ ఉండదు కానీ నా లెక్కలో 2 ఆంపియర్లా 3 ఆంపియర్లా అనేదానికన్నా అది పెద్ద సంగతి. అలాంటి గ్రూపు లేకపోతే డీసీసీ-ఈఎక్స్ చేసుకో, పొద్దంతా ఆఫీసులో కోడ్, ఇంటికొచ్చి మళ్ళీ కోడ్ అనిపిస్తే మాత్రం పవర్ క్యాబ్ కొనుక్కుని హాయిగా బండి నడుపుకో. ఏది కొన్నా జేఎంఆర్‌ఐ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మాత్రం దింపుకో, అది కూడా ఫ్రీ, అందులో డికోడర్‌ప్రో ఉంటే సీవీలన్నీ పేర్లతో స్క్రీన్ మీద కనపడతాయి. పవర్ క్యాబ్‌ని కంప్యూటర్‌కి కలపాలంటే యూఎస్‌బీ బోర్డు విడిగా కొనాలి, జెఫిర్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ పోర్టు లోపలే ఉంటుంది.

ప్రశ్న: మా బాబాయి జర్మనీలో ముప్ఫయ్యేళ్ళుండి తిరిగొస్తూ తన మెర్క్లిన్ (అక్కడి కంపెనీ) బొమ్మరైలు సెట్టు మొత్తం మాకిచ్చేశారు. పట్టాల మధ్యలో చిన్న చిన్న చుక్కలున్నాయి. పాత ఇంజన్లు కొన్ని, కొత్తవి కొన్ని. దీనికి మామూలు డీసీసీ సిస్టమ్ పెట్టొచ్చా అండీ?
(విశాఖపట్నం)

జవాబు: అదృష్టవంతులు. ఆ చుక్కలే మూడో పట్టా. మెర్క్లిన్ హెచ్‌ఓలో ఒక కరెంటు మధ్య చుక్కల్లోంచి ఇంజను కింద ఉండే స్లైడర్‌కి వస్తుంది, పక్క పట్టాలు రెండూ ఒకటే. దీనివల్ల ఒక లాభం, పట్టాని ఎటు తిప్పి కలిపినా షార్ట్ అవదు, కింద విజయవాడ పాఠకుడు పడుతున్న తిప్పలు మీకుండవు. నష్టమేంటంటే ఆ బళ్ళ చక్రాలు అటూ ఇటూ కలిసే ఉంటాయి కాబట్టి రెండు పట్టాల డీసీసీ లేఅవుట్ మీద పెడితే షార్ట్.

సిస్టమ్ విషయానికొస్తే, మెర్క్లిన్ డిజిటల్ భాష వేరు. పాతది మోటరోలా పద్ధతి, 2004 నుంచి ఎంఎఫ్‌ఎక్స్ వచ్చింది, దీంట్లో ఇంజను పట్టాల మీద పెట్టగానే తనంతట తనే పేరు చెప్పుకుని స్క్రీన్ మీదకి వచ్చేస్తుంది. మీకున్నవి చాలావరకు మెర్క్లినే కాబట్టి వాళ్ళ మొబైల్ స్టేషన్ తీసుకోండి, చిన్న లేఅవుట్‌కి సరిపోతుంది, మోటరోలా, ఎంఎఫ్‌ఎక్స్, డీసీసీ మూడూ మాట్లాడుతుంది. పెద్దగా కట్టాలనుకుంటే సెంట్రల్ స్టేషన్ 3, అయితే ఆ ధరకి ఇక్కడ సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది, నిజం బండి.

ముందు చేయాల్సింది ఇంజన్లని విడదీయడం. డికోడర్ లేని పాతకాలపు అనలాగ్ ఇంజన్ని డిజిటల్ పట్టా మీద పెడితే అది ఎవరి మాటా వినకుండా ఫుల్ స్పీడులో పోతుంది, బల్ల చివర కింద పడుతుంది. అలాగే బాబాయిగారి పాత ట్రాన్స్‌ఫార్మర్‌ని డిజిటల్ సిస్టమ్ ఉన్న పట్టాలకి పొరపాటున కూడా కలపొద్దు. ఇంకా మీది సముద్రపు గాలి, చుక్కలూ పట్టాలూ నల్లబడతాయి, డిజిటల్‌లో మురికికి ఓపిక తక్కువ, కరెంటు ఒక్క క్షణం తెగినా సౌండ్ ఇంజను మళ్ళీ మొదట్నుంచి స్టార్టవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ పెట్టి తుడుస్తుండండి, ఎమరీ పేపర్ జోలికి పోవద్దు.

ప్రశ్న: కొత్త డీసీసీ పెట్టాను, లేఅవుట్‌లో ఒకచోట బండి చుట్టూ తిరిగి అదే లైన్లోకి వచ్చేలా పాయింట్ (బండి లైను మారే చోటు) వేశాను. అక్కడికి రాగానే అన్నీ ఆగిపోయి షార్ట్ అని చూపిస్తోంది. సిస్టమ్ పాడైందా, మార్చాలా?
(విజయవాడ)

జవాబు: సిస్టమ్ బ్రహ్మాండంగా ఉంది, తన పని తను చేస్తోంది కాబట్టే ఆగింది. బండి తిరిగొచ్చి అదే లైన్లో కలిసే లూప్‌లో ఎడమ పట్టా వెళ్ళి కుడి పట్టాకి తగులుతుంది, అది ఎంత ఖరీదు సిస్టమ్ పెట్టినా షార్టే. ట్రయాంగిల్ వేసినా, టర్న్‌టేబుల్ (ఇంజన్ని తిప్పే గుండ్రటి బల్ల) పెట్టినా ఇదే కథ. లూప్‌లో కొంత ముక్కని రెండు పట్టాలకీ రెండు చివరలా గ్యాప్ పెట్టి విడదీసి, ఆ ముక్కకి ఆటో రివర్సర్ అనే చిన్న బోర్డు ద్వారా కరెంటివ్వండి. చక్రం గ్యాప్ దాటగానే తేడా కనిపెట్టి రెప్పపాటులో పోలారిటీ మార్చేస్తుంది, బండికి తెలియను కూడా తెలియదు. ఆ ముక్క మీ అన్నిటికన్నా పొడుగు బండి పట్టేంత ఉండాలి, అక్కడ పిసినారితనం చేస్తే బండి రెండు చివరలూ ఒకేసారి గ్యాపుల మీదికొచ్చి మళ్ళీ మొదటికొస్తుంది.

పనిలో పని, వైరింగ్ కూడా చూసుకోండి. బల్ల కింద లేఅవుట్ పొడవునా 1.5 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్ ఇంటి వైరు రెండు రంగుల్లో లాగండి, పెద్ద గది అయితే 2.5, దానిలోంచి మూడు నాలుగడుగులకొకటి చొప్పున సన్న వైర్లు పట్టాలకి టంకం పెట్టండి. పట్టాల జాయినర్లని నమ్ముకోవద్దు. అయ్యాక రెండు రూపాయల బిళ్ళ తీసుకుని రెండు పట్టాల మీద అడ్డంగా పెడుతూ లేఅవుట్ అంతా తిరగండి, పెట్టిన ప్రతిచోటా సిస్టమ్ వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడ అవలేదో అక్కడ వైరు చాల్లేదని అర్థం, నిజంగా బండి పట్టా తప్పినప్పుడు కరెంటు ఆగకుండా అలాగే పారి డికోడరూ ప్లాస్టిక్కూ కరుగుతాయి. ఈ ఊర్లోనూ బయటా సిస్టమ్ బాలేదని నాకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మందు ఈ వైర్లే.

ప్రశ్న: నా దగ్గర డికోడర్ లేని పాత డీసీ ఇంజన్లు ఎనిమిదున్నాయి. డీసీసీకి మారితే వీటిని పారేయాలా? అడ్రస్ 0 మీద నడపొచ్చని విన్నా.
(బెంగళూరు)

జవాబు: పారేయక్కర్లేదు, అడ్రస్ 0 మీద నడపనూ వద్దు. డిజిట్రాక్స్, లెంజ్ లాంటివాటిలో కొన్ని ఆ సదుపాయం ఇస్తాయి, ఎన్‌సీఈ పవర్ క్యాబ్, రోకో జెడ్21 ఇవ్వవు. ఇచ్చినవాటిలో కూడా ఇంజను ఆగి ఉన్నప్పుడు సైతం మోటార్‌లోకి కరెంటు అటూ ఇటూ కొడుతూనే ఉంటుంది, అందుకే ఆ సన్నటి కూత వినపడేది, కోర్‌లెస్ మోటార్ (చుట్ట లోపల ఇనుము లేనిది) అయితే మాడిపోతుంది. ఎనిమిదింట్లో మీకు నిజంగా ఇష్టమైనవి రెండో మూడో తీసి డికోడర్ పెట్టించండి. మూత తీసి చూడండి, ఎనిమిది పిన్నులదో, ఇరవై ఒకటిదో సాకెట్ ఉంటే తోసేయడమే. సాకెట్ లేకపోతే మోటార్ బ్రష్‌లు రెండూ ఇంజను చట్రానికి తగలకుండా పూర్తిగా విడదీయాలి, ఒక్కటి తగిలున్నా కొత్త డికోడర్ మొదటిసారే పోతుంది, మల్టీమీటర్ పెట్టి చూశాకే కరెంటివ్వండి.

ప్రశ్న: ఫ్లాట్‌లో ఉంటాం. పిల్లలకి ఫోన్ మీద నడపడమే ఇష్టం. వైర్‌లెస్‌లో ఏది మంచిది?
(కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ఫోనూ ట్యాబే అయితే రోకో జెడ్21 చూడండి, నల్ల డబ్బాది, సెట్టులో వైఫై రూటర్ కూడా వస్తుంది, యాప్‌లో లేఅవుట్ బొమ్మ గీసుకుని వేలితో పాయింట్లు మార్చొచ్చు. తెల్లది, స్టార్ట్ అనేది, చవక, కానీ దాన్ని యాప్‌తో నడపాలంటే అన్‌లాక్ కోడ్ విడిగా కొనాల్సొస్తుంది, రెండూ కలిపి లెక్క వేసుకోండి. పది బటన్ల చవక సిస్టమ్స్ ఉన్నాయి, బాక్‌మన్ ఈజీ కమాండ్ లాంటివి, పిల్లలకి బాగానే ఉంటుంది కానీ 1 ఆంపియర్, సీవీలు మార్చడానికి ఉండదు, ఏడాదిలో అటక ఎక్కుతుంది.

అమెరికా నుంచి రేడియో థ్రాటిల్స్ తెప్పించుకునేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూడండి. అక్కడ 900 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి కొన్నున్నాయి, ఆ దగ్గర్లో మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోడానికి వదిలింది 865 చుట్టూ ఉన్న చిన్న ముక్క, 2.4 గిగాహెర్ట్జ్ కూడా వాడుకోవచ్చు. వైఫైతో పోతే ఆ తలనొప్పి ఉండదు, రూటర్ మాత్రం ఇంట్లో నెట్‌ది కాకుండా రైలుకి వేరేది పెట్టండి, పక్కగదిలో ఎవరో సినిమా పెడితే బండి స్టేషన్‌లో ఆగకుండా పోతుంది.

ప్రశ్న: రెండు కొత్త ఇంజన్లు కొన్నా. ఒకటి నడిపితే రెండూ కదుల్తున్నాయి!
(హనుమకొండ)

జవాబు: కొత్త డికోడర్లన్నీ అడ్రస్ 3తోనే వస్తాయి. ఒక ఇంజన్ని పట్టాల మీద నుంచి తీసి పక్కనపెట్టి, ఉన్నదానికి కొత్త నంబరివ్వండి. తర్వాత ఏదైనా గందరగోళమైతే చాలా డికోడర్లలో సీవీ 8లో 8 రాస్తే మళ్ళీ అన్నీ మొదటిలా, అడ్రస్ 3తో సహా, వచ్చేస్తాయి.